మా లాకు కుందేళ్లకు గజ్జి పట్టిన ఏడాది

ఆ రోజు పొద్దున్న గరికమోపు తీసుకుని వెళ్లేసరికి బూడిదరంగు కుందేలు నా దగ్గరికి రాలేదు. మిగతావన్నీ కాళ్ల చుట్టూ మూగాయి. అదొక్కటీ మూలన కూర్చుని వెనకకాలితో చెవి గోక్కుంటోంది. తల విదిలించి మళ్లీ గోక్కుంటోంది. చెవిలో ఏ చీమో దూరిందనుకున్నాను. ఎత్తి చూస్తే చెవి అంచున తెల్లగా పొక్కు కట్టి ఉంది. గోటితో గిల్లితే పొట్టులా రాలింది. అదే చేత్తో పమిట సర్దుకుని ఇంట్లోకి వెళ్లి పప్పు పొయ్యిమీద పెట్టాను. ఏం చేస్తాం, తెలియదుగా.

ముందు మా సంగతి చెప్పాలి. కొత్తపేట దగ్గర కాలువ లాకులో మా ఆయన లస్కరు. పడవ వస్తే లాకు తలుపులు తీయడం, దాటాక మూయడం ఆయన పని. పక్క బంగళాలో ఉండే ఇంజనీరు దొర కుటుంబం స్వరాజ్యం వచ్చాక సీమకి వెళ్లిపోతూ పెంపుడు కుందేళ్లను వదిలేసి పోయింది. బంగళా వంటవాడు వాటిని కూర వండుకుందామని కత్తి నూరుతుంటే మా అత్తగారు వెళ్లి, గంపతో సహా ఎత్తుకొచ్చేశారు. అంతకుముందు చాలాకాలంగా ఆవిడ గడప దాటిన మనిషి కాదు.

చిన్నకొడుకు సత్యం, పెళ్లీడుకొచ్చిన పిల్లాడు, విషజ్వరంతో పోయాడు. అప్పటినుంచి ఆవిడకి మాట పడిపోయినట్టే. పెడితే తినేవారు, లేకపోతే లేదు. సత్యం పేరెత్తితే గోడవైపు తిరిగి పడుకునేవారు. అలాంటి మనిషి కుందేళ్లతో మాటలు మొదలుపెట్టారు. "తినవే ముండా, నీకోసమే చిలగడదుంప తీగ తెప్పించాను" అని ముద్దుగా తిట్టేవారు. కొన్నాళ్లకి నాతోనూ మాట కలిసింది. "అమ్మాయ్, పులుసులో ఉప్పు తగ్గిందే" అన్నరోజు నాకు ఏడుపొచ్చింది. పులుసుకి వంక పెడితే అంత సంతోషించిన కోడలు కోనసీమ మొత్తానికి నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పడవలవాళ్ల నోట ఈ సంగతి ఊళ్లు పాకింది. సరదాకి కుందేళ్లను తెచ్చుకుని సాకలేక విసిగినవాళ్లు, రాజోలు వైపు నుంచీ ద్రాక్షారామం వైపు నుంచీ కూడా, మా గుమ్మంలో దింపి పోయేవారు. లాకు దగ్గర ఆగిన జనం "అత్తాకోడళ్లకి పనిలేక చెవులపిల్లుల సత్రం పెట్టేరండీ" అని నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేదాన్ని. ఆ వరసలోనే జొన్నాడ నుంచి ఒక పడవ సరంగు తెల్ల కుందేల్ని తెచ్చాడు. సంతలో కోయబోతుంటే జాలేసి కొన్నాడట. దాని ముక్కుమీద పొక్కు ఉంటే అడిగాను.

"ఎక్కడో గీరుకునుంటాదండీ, ఆయ్" అన్నాడు.

అత్తగారు దాన్ని మెత్తటి పాతగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన ప్రతిదాన్నీ అలాగే చుట్టి, బెదురు తీరేదాకా ఒళ్లోంచి దించేవారు కాదు.

బూడిదదాని చెవికి పొక్కు వచ్చింది ఆ తరువాతే. చూస్తూ ఉండగానే ఒకదాన్నించి ఒకదానికి పాకింది. ముక్కులు, చెవులు, కాలివేళ్లు పెచ్చులు కట్టాయి. నా వేళ్ల సందుల్లో దురద మొదలైంది. అత్తగారి ముంజేతులు ఎర్రగా పొక్కాయి. వేపనూనె రాశాం, పసుపు పూశాం. రాసినంతసేపూ హాయి, తరువాత మళ్లీ మామూలే. రెండు కుందేళ్లు మేత మానేసి, ముడుచుకుని చచ్చిపోయాయి. ఆ పూట అత్తగారు అన్నం ముట్టలేదు. కుందేళ్లు పోతే ఈవిడ మళ్లీ గోడవైపు తిరుగుతారు. ఈసారి తిరిగితే మనిషి దక్కదు. ఆ మాట మా ఆయనా నేనూ పైకి అనుకోలేదు గాని ఇద్దరికీ తెలుసు.

ఆయన వెళ్లి పశువుల డాక్టరుగారిని బతిమాలారు. కుందేళ్లకి వైద్యమేమిటని నవ్వుతారేమో అనుకున్నాను గాని, ఆ మహానుభావుడు కాలువగట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వచ్చారు. పెచ్చును బ్లేడుతో గీకి, గాజుపలక మీద వేసి పట్టుకెళ్లారు. మర్నాడు వచ్చి చెప్పారు.

"మేంజ్ అమ్మా ఇది, గజ్జి. మైక్రోస్కోపులో పురుగు కనిపించింది. మామూలు కంటికి ఆనదు. చర్మంలో బొరియలు చేసుకుని గుడ్లు పెడుతుంది."

"మరి మా చేతులకి పట్టిందేంటండీ?" అన్నాను.

"అదే. అయితే మనిషి ఒంటిమీద అది కాపురం పెట్టలేదు. కుందేళ్లకి పోతే మీకూ పోతుంది. జబ్బువాటిని ఐసొలేషన్ లో పెట్టండి. సల్ఫర్ ఆయింట్‌మెంట్ ఇస్తాను, గుడ్లు పగిలి వచ్చేవి కూడా చావాలి కనక తగ్గినా ఆపకండి. పరిచిన గడ్డి, పీచు కాల్చేయండి. బట్టలు మాత్రం మరిగే నీళ్లలో ఉడకాలి. ఒక్కటి కూడా వదలొద్దు."

పెరట్లో పెద్ద బాన పెట్టి ఇంట్లో ఉన్న బట్టలన్నీ ఉడకేశాను. దుప్పట్లు, గోనెలు, ఆఖరికి మా ఆయన తలపాగా కూడా. గూళ్లకి సున్నం కొట్టాం. ఇల్లంతా గంధకం కంపు. ఐసొలేషన్ అంటే అత్తగారు వాటిని ముట్టుకోకూడదన్నమాట. ఆవిడ దూరంగా పీట వేసుకుని కూర్చుని వాటిని పేరుపేరునా పలకరించేవారు. చూడలేకపోయేదాన్ని.

పెచ్చులు రాలాయి, కొత్త బొచ్చు వచ్చింది. అన్నిటినీ మళ్లీ కలిపేశాం. అత్తగారు మునుపటిలా వాటిని చుట్టి ఒళ్లోకి తీసుకున్నారు. హమ్మయ్య అనుకున్నాను. నెల తిరిగిందో లేదో, ఒకదాని ముక్కుమీద మళ్లీ తెల్లటి పొక్కు.

ఈసారి అత్తగారి చెయ్యి గోక్కుని గోక్కుని చీము పట్టింది, జ్వరం వచ్చింది. పడవలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మగారు "సెకండరీ ఇన్ఫెక్షన్. దురద దురదే, దానిమీద ఇది" అని పెనిసిలిన్ ఇంజెక్షన్లు వేయించారు. "దురద ఎక్కణ్నించి వస్తోందో అది ఇంట్లోంచి తీసెయ్యండి" అని మా ఆయనతో గట్టిగా చెప్పారు.

మేం తిరిగి వచ్చాక పశువుల డాక్టరుగారు కుందేళ్లన్నిటినీ మళ్లీ పరీక్ష చేశారు. మళ్లీ మందు మొదలుపెట్టమని, వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకి పిలిచారు.

"ఇంకోసారి తిరగబెడితే అన్నిటినీ చంపి పాతెయ్యడమేనమ్మా. పెద్దావిడ ఒళ్లు తట్టుకోదు. ఉడకని గుడ్డ ఏదైనా మిగిలిందేమో చూశారా?"

"ఇంట్లో ఉడకనిదల్లా నేనొక్కదాన్నేనండీ" అన్నాను, కోపంగా. ఆయన నవ్వలేదు.

మర్నాడు మళ్లీ బాన పెట్టి బట్టలు ఉడకేస్తుంటే పక్కింటి కాంతం వచ్చింది. నెలలు నిండిన మనిషి, ఆయాసపడుతోంది.

"పిన్నిగారండీ, ఇయ్యాలో రేపో అన్నట్టుందండీ. మా అత్తగారు మీ పొత్తిగుడ్డ అడిగి తెమ్మన్నారండీ."

మా వైపు పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వేయరు. అందులో చుట్టినవాళ్లు బతికి బట్టకట్టిన గుడ్డ ఉంటే అడిగి తెచ్చుకుని మొదటిసారి దాంట్లో చుడతారు. మా అత్తగారి గుడ్డలో మా ఆయన, సత్యం, ఆ వరస ఇళ్లల్లో పుట్టిన పిల్లలు ఎంతోమంది పెరిగారు.

అత్తగారు లోపలికి వెళ్లి పెట్టె అడుగునుంచి గుడ్డ తెచ్చారు. మెత్తగా నలిగిపోయిన పాతచీర ముక్క. కాంతం చెయ్యి చాచింది. అప్పుడు చూశాను. మడతల్లో తెల్ల బొచ్చు.

"అత్తయ్యా! కుందేళ్లని చుట్టేది దీంట్లోనా? ఏదో పాతగుడ్డ అనుకున్నానే!"

"మరి దేంట్లో చుడతాను? పసిదంటే పసిదే కదా."

"బానలో వెయ్యలేదా?"

"పొత్తిగుడ్డ బానలో వెయ్యరే. చన్నీళ్లలో జాడించి నీడన ఆరేస్తాను."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇంటిల్లిపాదీ గోక్కుని చస్తున్నాం, కుందేళ్లు చస్తున్నాయి, మీ చెయ్యి కుళ్లిపోబోయింది, ఇంకా దీన్ని దాస్తారా?" అని అరిచేశాను. పెద్దావిడ మీద అంత గొంతు నేనెప్పుడూ ఎత్తలేదు. కాంతం బెదిరి రెండు చేతులూ కడుపుమీద పెట్టుకుంది.

అత్తగారు ఆ కడుపువైపు చూశారు. మళ్లీ మూగబోతారనే అనుకున్నాను. ఆవిడ గుడ్డని ఒకసారి మొహానికి ఆనించుకోబోయి, ఆగి, చెయ్యి దింపేశారు. బాన దగ్గరికి నడిచి, మరుగుతున్న నీళ్లలో వేసేశారు. నేను కర్రతో లోపలికి తోశాను. ఆవిడ పక్కనే చతికిలబడ్డారు.

"అమ్మాయ్, వెంటనే తియ్యకు. చల్లారాక తియ్యి" అన్నారు. "సత్యానికి వేడినీళ్లంటే భయం."

లాకు నుంచి అప్పుడే వచ్చిన మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. వాడు పోయాక ఆ పేరు వాళ్లమ్మ నోట వినడం అదే మొదలు. ఆవిడ అంతటితో ఆగలేదు. తలంటుకి పిలిస్తే వాడు బొప్పాయి చెట్టు చాటున ఎలా దాక్కునేవాడో చెప్పారు, చెప్తూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ గుడ్డ నీళ్లలో చిరగలేదు. ఎండలో ఆరేసి కాంతానికి ఇచ్చాం.

మందు పూర్తయ్యేదాకా రాశాం. జబ్బు మళ్లీ రాలేదు. కాంతం కూతురు ఇప్పుడు బడికి వెళ్తోంది, రోజూ కుందేళ్లకి ముల్లంగి ఆకు పట్టుకొస్తుంది. మా అత్తగారు మంచి వయసు వచ్చి, కబుర్లు చెబుతూ చెబుతూ పోయారు. ఆఖరి రోజుల్లో సత్యం గురించి ఎంత చెప్పారంటే, నేను కాపురానికి రాకముందు సంగతులు కూడా నా కళ్లముందే జరిగినట్టున్నాయి.

ఇంట్లో మనుషులకో మూగజీవాలకో ఇలాంటిది అంటుకుంటే, నేను చెప్పేది ఒకటే. మందు అందరికీ ఒకేసారి రాయండి, బట్టలన్నీ ఉడకేయండి. అన్నీ అయ్యాయనుకున్నాక ఒక్కసారి పెట్టె అడుగున చూడండి. ఉడకేయడానికి మనసొప్పనిది ఒకటి ఉంటుంది. దాన్నీ వేసేయండి. చల్లారాక తీయండి.