అమ్మ కూర్చున్న మొదటి బెంచీ

నస్రుల్లాబాద్ దగ్గరి మా ఊరి బడిలో ఎప్పుడూ నేనే ఫస్టు. ఆ ధీమాతోనే తొమ్మిదో తరగతికి బాన్సువాడలో పేరున్న ప్రైవేటు స్కూల్లో చేరాను. అక్కడ పరీక్ష పెట్టిన ప్రతిసారీ ర్యాంకును బట్టి బెంచీలు మార్చేవారు. నెల తిరిగేసరికి నేను గోడవారన ఆఖరి బెంచీకి చేరాను. ఎంత చదివినా లెక్కలు బుర్రకెక్కేవి కావు. ఇంటికొచ్చే బస్సులో ఏడుపు దిగమింగుకునేదాన్ని. అమ్మ అడిగితే మాత్రం "మొదటి బెంచిలనే కూసుంటున్ననే" అనేదాన్ని.

తల్లిదండ్రుల మీటింగు రోజు, ఎవరి పిల్లల చోట్లో వాళ్లు కూర్చోవాలన్నారు సార్. నేను నోరు తెరిచేలోపే, నాట్లు మానుకొని వచ్చిన అమ్మ కొంగు సర్దుకుంటూ నేరుగా వెళ్లి మొదటి బెంచీలో కూర్చుంది. ఆ వెంటనే ఒకాయన వచ్చి, "అక్కా, గిది మా బిడ్డ జాగ" అన్నాడు.

అమ్మ నావైపు చూసింది. నేను వేలితో ఆఖరి బెంచీ చూపించాను. అందరూ చూస్తుండగా అమ్మ లేచి, ఒక్కో వరుసా దాటుకుంటూ వెళ్లి అక్కడ కూర్చుంది.

బయటికొచ్చాక కొడుతుందనుకున్నాను. "ముందుగాల్నే చెప్తే గాడ్నే కూసుందును కద బిడ్డా" అంది, అంతే.

పదో తరగతికి నేను మూడో బెంచీ దాకా వచ్చాను. అమ్మ మాత్రం ఇప్పటికీ, ఏ ఫంక్షన్‌కు వెళ్లినా ముందు కుర్చీలు ఖాళీగా ఉండగానే ఆఖరి వరుసకు నడుస్తుంది. అక్కడ ఆమెను కూర్చోబెట్టింది నేనే.