పైకి లేచిన చక్రాలు

ఈ సాయంత్రం అమ్మానాన్నలతో కమాన్‌పూర్ నుంచి వస్తూ, రోడ్డు పక్కన మిర్చి బజ్జీల బండి దగ్గర కూర్చున్నాం. ఎదురుగా ఒక బొగ్గు లారీ వచ్చింది. వెనక చక్రాల్లో ఒక జత నేలకు ఆనకుండా పైకి లేచి ఉంది.

అది చూసి అమ్మ, "జల్ది కంచం పెట్టు బిడ్డా, మీ నాయిన వస్తుండు!" అంది.

పక్కనే బజ్జీ తింటున్న నాన్న, "నేనీడనే ఉన్న గదనే!" అన్నాడు.

రిటైరయ్యేదాకా నాన్న నడిపింది అలాంటి లారీయే. లోడు ఉంటే ఆ చక్రాల జతను, అంటే లిఫ్ట్ యాక్సిల్‌ను, కిందికి దించేవాడు; బరువులో దాని వంతు అదీ మోసేది. బండి ఖాళీ అయితే టైర్లు అరగకుండా పైకి లేపేవాడు. మా ఇల్లు రోడ్డు మీదే. లోడుతో వెళ్తే హారన్ కొట్టి సాగిపోయేవాడు. ఖాళీగా వస్తేనే ఆగి, తిని వెళ్లేవాడు. అందుకే అమ్మ వాకిట్లో నిలబడి ముందు ఆ చక్రాలనే చూసేది.

మీ ఇంట్లోనూ మనిషి కంటే ముందు వచ్చే గుర్తు ఏదైనా ఉండేదా?

అమ్మను చూసి అందరం నవ్వాం. కానీ ఆ మాట వినగానే నేను కంచం కోసం లేచి నిలబడ్డానని ఎవరూ గమనించలేదు.