రాజమండ్రి నుంచి బూర్గంపాడుకు అరగంట

2003 వేసవిలో నన్ను రాజమండ్రి విమానాశ్రయంలో వేశారు. అడవుల సర్వే కోసం అద్దెకు తీసుకున్న రెండింజన్ల చిన్న విమానానికి నేను కెప్టెన్‌ని. అత్యవసరమైతే వాడుకోవడానికి బూర్గంపాడు దగ్గర ఒక మట్టి రన్‌వే ఉండేది. దాన్ని విమానాశ్రయం అనడం కాగితాల మీదే చెల్లుతుంది. లైట్లు లేవు, టవర్ లేదు. గాలి ఎటు వీస్తోందో చూపే గుడ్డ ఒకటి, అదీ సగం చినిగింది.

రెండింటి మధ్య దూరం చార్టు మీద అరవై అయిదు నాటికల్ మైళ్లు, అంటే సుమారు నూట ఇరవై కిలోమీటర్లు. ప్రయాణం అరగంట. రోడ్డు మీదైతే ఘాట్ దాటుకుని పోవడానికి సగం రోజు. అరగంట అనగానే అధికారుల ముఖాలు వెలిగేవి. నాకు మాత్రం ఒళ్లు మండేది. ఆ లెక్క చక్రాలు నేల వదిలాక మొదలవుతుంది, దిగడం సంగతి దానికి తెలియదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కబురొచ్చింది. పినపాక వైపు అడవి పల్లెలో ముత్తమ్మ అనే ఆమెకు కాన్పయ్యాక రక్తం ఆగడం లేదు, వెంటనే రాజమండ్రి ఆసుపత్రికి తెచ్చి ఆపరేషన్ చేయాలి. ఆమెను జీపులో రన్‌వే దగ్గరికి తెచ్చారు. ఖమ్మం రోడ్డు పట్టాలా, ఆగాలా అని భర్త జోగయ్య అడిగితే, విమానం అరగంటలో వస్తుందని అధికారులు అన్నారట. అతను ఆగాడు.

రన్‌వే మీద గడ్డి నడుము ఎత్తున ఉంది. వెంటనే తీయించమని వైర్‌లెస్‌లో ఆదేశం వెళ్లింది, ఎలా తీయాలో ఎవరూ చెప్పలేదు. కొడవళ్లతో అది ఒక రోజు పని. ఆ పల్లెల్లో పోడు నేల సిద్ధం చేయాలన్నా, ఇప్పచెట్ల కింద రాలిన ఆకు పోవాలన్నా నిప్పే పెడతారు. జోగయ్యా, అతని బావమరుదులూ అదే చేశారు.

నేను చేరేసరికి గోదావరి కనబడింది, ఊరు కనబడింది. రన్‌వే ఉండాల్సిన చోట తెల్లటి పొగ. గాలి లేదు, అది కదలడం లేదు. మాది కంటితో నేలను చూసుకుని దిగాల్సిన విమానం. రన్‌వే పొట్టిది కనుక బరువు తగ్గించడానికి ఇంధనం కూడా తక్కువే నింపాం. చుట్లు తిరిగాను. ఒకసారి బాగా కిందికి వెళ్లి చూస్తే చెట్ల కొనలు తప్ప ఏమీ లేదు. ఇంధనం తిరుగు ప్రయాణానికి సరిపడేంతే మిగిలాక వెనక్కి తిప్పాను.

ముత్తమ్మ ఖమ్మం చేరలేదు. జీపు ఏన్కూరు దాటకముందే చనిపోయింది.

కొన్నాళ్లకు రన్‌వే తనిఖీకి వెళ్లాను. నేల నల్లగా, చాలా శుభ్రంగా ఉంది. విమానం నడిపింది నేనేనని తెలిసి జోగయ్య వచ్చాడు.

“గడ్డి కోస్తె పొద్దుగూకుతదని కాల్చినం సారూ. మీకు జాగ సాఫ్‌గ ఉండాలె గద,” అన్నాడు. తర్వాత, “మా నెత్తిమీదికెల్లి తిరిగిండ్రు. ఎందుకు దిగలె?” అని అడిగాడు.

పొగ అనే మాట నోటిదాకా వచ్చింది. అతని ముఖం చూసి చెప్పలేకపోయాను. ఇంధనం చాలలేదన్నాను.

“అరగంట తొవ్వకు గూడ ఆయిల్ పోసుకోరా సారూ?”

ఆ మాట పడ్డాను. పడవలసిందే, నిజం చెబితే అతను బతికినన్నాళ్లూ దాన్ని మోయాలి.

ఈ ఉదంతం నేర్పింది చిన్న విషయమే. దూరం, సమయం చార్టు చెబుతుంది. దిగాలంటే నేల మీదున్న వాళ్లకు ఏం చేయాలో, ఏం చేయకూడదో ముందే చెప్పాలి. ఆ తర్వాత ఏ మట్టి రన్‌వేకు పిలుపొచ్చినా, గడ్డి కోయండి, కాల్చకండి అని వైర్‌లెస్‌లో నేనే చెప్పేవాణ్ని. ఎంతసేపు పడుతుందని ఎవరడిగినా, నేల కనబడితే అరగంట అనేవాణ్ని.