మర్నాడు చెప్పిన జవాబు

సుమిత్ర రాయ్‌పూర్ కాలేజీలో నా పక్క బెంచీ అమ్మాయి. గరియాబంద్ దాటాక అడవిలో ఉన్న ఒక గోండుల ఊరు వాళ్ళది. పేరు రాయొద్దంది కాబట్టి రాయడం లేదు. ఆ ఊరిని ఆనుకుని ఉన్న కొండలో గని తవ్వుకుంటామని ఒక కంపెనీ అడిగింది. ఊరివాళ్ళ అభిప్రాయం వినడానికి అధికారులు వస్తున్నారనీ, దాన్ని ‘జన్ సున్‌వాయి’ అంటారనీ సుమిత్ర చెప్పింది. జనం మాట వినడం! ఆ పేరు నాకెంత నచ్చిందంటే, అలాంటి వినడం ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలనిపించింది. తనకు మాత్రం అది వేడుక కాదు. కొండ పోతే దాని వాలులోని వాళ్ళ నాన్న పొలమూ, ఇప్పచెట్లూ పోతాయి. వాటి మీదే తన చదువు నడుస్తోంది. “నువ్వూ రా, నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది” అంది.

తొంభై తొమ్మిది మార్చి అది. మా నాన్న రైల్వే ఉద్యోగం వల్ల శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళం. “పరీక్షలు నెత్తి మీద ఎట్టుకుని అడవిలోకి ఏటే నీకు పని?” అని అమ్మ గొణుగుతూనే పులిహోర కట్టిచ్చింది. తెల్లవారాక పండరీ బస్టాండులో గరియాబంద్ బస్సు ఎక్కాం. అభన్‌పూర్ మీదుగా రాజిమ్ దగ్గర మహానది దాటుతుంది. నదిలో నీళ్ళ కన్నా ఇసుకే ఎక్కువ. మూడు గంటల పైనే పట్టింది. గరియాబంద్‌లో మైన్‌పూర్ వైపు వెళ్ళే జీపు ఎక్కాం. రానూపోనూ ఖర్చంతా కలిపినా వంద రూపాయలు దాటలేదు.

“కంపెనీవాళ్ళా, సర్కారువాళ్ళా?” అని అడిగాడు జీపు డ్రైవరు.

“ఊరి ఆడపిల్లని భయ్యా” అంది సుమిత్ర.

“అయితే ముందు కూర్చో నోనీ. నాలుగు రోజులుగా అందరూ ఆ కొండ చూడ్డానికే పోతున్నారు. గరియాబంద్ టాకీసుకి కూడా ఇంత గిరాకీ లేదు” అని నవ్వాడు. ‘నోనీ’ అంటే అక్కడ అమ్మాయి అని. సుమిత్ర నవ్వలేదు.

జీపు దిగి మట్టిబాటన నడిచి ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. బడి ముందు షామియానా వేసి, గరియాబంద్ నుంచి అద్దెకు తెచ్చిన కుర్చీలు పరిచారు. వాటిలో రాయ్‌పూర్ నుంచి వచ్చిన అధికారి, కంపెనీ మనిషి, వాళ్ళ సిబ్బంది కూర్చున్నారు. ఊరివాళ్ళంతా కింద కూర్చున్నారు. అందరికన్నా ముందు సుమిత్ర పెదనాన్న. ఊరి పెద్ద ఆయనే, పటేల్ అంటారు. అధికారి మైకులో ఉద్యోగాలన్నాడు, రోడ్డన్నాడు, ఆసుపత్రి అన్నాడు. “ఇప్పుడు మీరు చెప్పండి. అభ్యంతరం ఉంటే భయపడకుండా చెప్పండి” అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన మంచినీళ్ళు తాగి మళ్ళీ అడిగాడు.

“ఎందుకు మాట్లాడరు?” అని సుమిత్ర చెయ్యి గిల్లాను.

“మట్టి సంగతి అడిగిన రోజే జవాబు చెప్పకూడదు. ప్రశ్న ఒక రాత్రి ఊళ్ళో ఉండాలి. పొద్దున్నే నల్లమద్ది చెట్టు కింద మా దేవుడు బుఢాదేవ్‌కి చెప్పుకుని, అప్పుడు పటేల్ నోరు విప్పుతాడు. పెళ్ళి సంబంధమైనా ఇంతే.”

“ఆ సంగతి వీళ్ళకి తెలుసా?”

“అడగడానికి వచ్చినవాళ్ళకి తెలియకుండా ఉంటుందా అనుకున్నారు పెద్దవాళ్ళు. అటు చూడు.” బడి గదిలో ఊడ్చి, అతిథుల కోసం నులకమంచాలు వేసి ఉన్నాయి.

అధికారి కాగితాలు సర్దుకోవడం చూసి సుమిత్ర లేచి నిలబడింది. “సార్, ఒక్క రాత్రి ఆగండి. ఊరు రేపు పొద్దున చెబుతుంది. మాకు కొండ ఇవ్వడం ఇష్టం లేదు.”

“బైఠ్ నోనీ, కూర్చో” అన్నాడు పటేల్ మెల్లగా.

“చదువుకున్న పిల్లలకి ఎవరో నేర్పి పంపిస్తారు సార్” అన్నాడు కంపెనీ మనిషి.

అధికారి పటేల్ వైపు తిరిగాడు. “మీరు చెప్పండి. ఈ అమ్మాయి అన్నది ఊరి మాటేనా?”

పటేల్ పెదవులు కదిలాయి. అవునంటే, దేవుడికి చెప్పకముందే జవాబిచ్చినట్టు. కాదంటే అబద్ధం. ఆయన తల దించుకున్నాడు. సుమిత్ర కూర్చుండిపోయింది.

“పెద్దలకు లేని అభ్యంతరం నీకెందుకు బేటీ?” అన్నాడు అధికారి. అందరికీ సమ్మతమేనని మైకులో చెప్పి, ధన్యవాదాలు తెలిపాడు. నేను అధికారి జీపు దగ్గరికి పరుగెత్తి, రేపటిదాకా ఉండమని ఆయన్ని బతిమాలాను.

“నువ్వీ ఊరి పిల్లవేనా?”

“కాదండీ, రాయ్‌పూర్. తెలుగువాళ్ళం.”

“మరి నీకేం సంబంధం?” అన్నాడు. దుమ్ము లేపుకుంటూ జీపు వెళ్ళిపోయింది.

చీకటి పడుతుండగా పటేల్ మా దగ్గరికి వచ్చాడు. “వాళ్ళెప్పుడొస్తారు? అన్నం చల్లారిపోతోంది” అన్నాడు. ఇక రారని సుమిత్ర చెప్పింది. ఆయన నమ్మలేదు. “అడిగినవాడు జవాబు వినకుండా పోతాడా?” అన్నాడు.

తెల్లవారకముందే ఆడవాళ్ళు బుట్టలతో ఇప్పపూలు ఏరడానికి వెళ్ళారు. మగవాళ్ళు నల్లమద్ది దగ్గరికి వెళ్ళారు. ఎండెక్కేసరికి ఊరంతా బడి ముందుకొచ్చింది. అక్కడ ఉన్నది షామియానా విప్పుతున్న గరియాబంద్ మనిషి ఒక్కడే. పటేల్ వెళ్ళి అతని ముందు నిలబడ్డాడు.

“కొండ ఇవ్వం. పొలాలివ్వం. చెట్లివ్వం. ఊరంతటిదీ ఒకటే మాట.”

“బాబా, నేను కుర్చీలు పట్టుకుపోయేవాణ్ణి. నాకెందుకు చెబుతావు?”

“వాళ్ళతో వచ్చినవాళ్ళలో నువ్వొక్కడివే మిగిలావు.”

అతను చేతిలోని తాడు కింద పెట్టాడు. తలకు చుట్టుకున్న తుండు తీసి, మొత్తం మళ్ళీ చెప్పమని అడిగి విన్నాడు. “చెబుతాను బాబా. కానీ ఎవరికి చెప్పాలి?” అని మా వైపు చూశాడు.

రాయ్‌పూర్ వచ్చాక సుమిత్రా నేనూ ఆ మాట మోసుకుని ఆ అధికారి ఆఫీసుకు వెళ్ళాం. విచారణ ముగిసిందనీ, ఊరు ఒప్పుకుందని పైకి రాశారనీ అక్కడి గుమాస్తా చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు, కూర్చోమన్నాడు కూడా. వేసవి సెలవుల తర్వాత సుమిత్ర కాలేజీకి రాలేదు. మౌనమంటే ఏమిటో నాకు తెలుసనుకునేదాన్ని. ఆ ఊళ్ళో అది ఒక పని. రాత్రంతా, ఊరంతా కలిసి చేసే పని. అది పూర్తయ్యేదాకా కూర్చునే తీరిక అడిగినవాళ్ళకే లేకపోయింది.

మీలో ఎవరైనా ఇలాంటి విచారణ చూడటానికి అటువైపు ఊళ్ళకు వెళితే, సాయంత్రం తిరుగు బస్సు చూసుకుని బయలుదేరకండి. ఒక దుప్పటి పట్టుకెళ్ళండి. రాత్రికి అక్కడే ఉండండి.