గుర్రానికి కట్టిన వాచీ

మాది నేత ఇల్లు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాల్సిన మా చిన్న మావయ్య మాత్రం గుర్రాల వెంట పడ్డాడు. వన్ టౌన్ పెళ్లి ఊరేగింపుల్లో వరుడెక్కే తెల్ల గుర్రం ఆయనదే. ఊళ్లో పెళ్లికొడుకులందరినీ గుర్రమెక్కించాడు గానీ తనకే పెళ్లి కుదరలేదని అమ్మ ఆటపట్టించేది.

రెండు వేల దశకం చివర్లో ఆ గుర్రానికి ఏదో అయింది. మావయ్య రోజూ పొద్దున్నే కాలవ కట్ట మీద దాన్ని పరుగు తీయించేవాడు. నాలుగడుగులు వేసిందో లేదో ఒళ్లంతా చెమట, రొప్పు. పశువుల డాక్టరుగారు రెండుసార్లు చూసి ఏ జబ్బూ లేదన్నారు. దానికి ఊపిరి చాలడం లేదని తేల్చేసిన మావయ్య, హనుమాన్ జంక్షన్‌లో ఇటుకల బండ్లు తోలించే ఒకాయనకి అమ్ముతానని మాటిచ్చాడు. ఆదివారం వచ్చి తోలుకుపోతానన్నాడాయన. మావయ్యకి అన్నం సహించడం లేదు, అయినా మాట వెనక్కి తీసుకోడు. నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పట్లో నేను పటమటలో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. పరుగు పందేలకు వెళ్లే నా స్టూడెంట్ ఒకమ్మాయి దగ్గర కొత్తరకం వాచీ ఉండేది. ఛాతీకి పట్టీ కట్టుకుంటే చాలు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో, ఎంత దూరం వెళ్లామో గుర్తుపెట్టుకుని కంప్యూటర్లో గీతలు గీసి చూపిస్తుంది. మనిషికి పనిచేసేది గుర్రానికెందుకు చేయదు? ఆ ఆలోచన రాగానే కాలు నిలవలేదు నాకు. ఆ పిల్లని బతిమాలి వాచీ తెచ్చుకున్నాను.

పట్టీ గుర్రం పొట్టకి సగం కూడా చాలలేదు. చీర కోయగా మగ్గం మీద మిగిలిన పడుగు దారాలతో అమ్మ దానికో అతుకు నేసిచ్చింది. అలవాటు కొద్దీ ఎర్రంచు కూడా వేసింది.

శుక్రవారం పొద్దున్న పట్టీ తడిపి, బిగించి కట్టి, వాచీ నొక్కి మావయ్యకిచ్చాను. పరుగయ్యాక ఇన్‌స్టిట్యూట్‌కి పరిగెత్తి గీత చూశాను. చూసిందే మళ్లీ చూశాను. గుండె ఎగిరింది పరుగులో కాదు. దూరం ఇంకా సున్నా దగ్గరే ఉంది. గుర్రం పాకలో కదలకుండా నిలబడి ఉండగానే నిమిషానికి నలభైసార్లు కొట్టుకునే గుండె కాస్తా నూట ఇరవైకి ఎక్కింది. ఆ నిమిషంలో మావయ్య ఏం చేస్తున్నాడు? గజ్జెలు కడుతున్నాడు.

గజ్జె కట్టకుండా గుర్రాన్ని పాక దాటించకూడదని ఆయనకి పని నేర్పినవాళ్ల ఆనవాయితీ. కళ్లకద్దుకుని మరీ కట్టేవాడు. గజ్జెలు కట్టాక పెళ్లిళ్లలో వినబడేది బ్యాండు, ఆ వెనకే టపాకాయలు. పోయిన మాఘమాసంలో ఒక టపాకాయల దండ దాని కాళ్ల దగ్గరే పేలింది. అది మేమంతా మర్చిపోయాం, గుర్రం మర్చిపోలేదు.

శనివారం ఆ మాట చెబితే మావయ్య మొహం చిట్లించాడు.

"నిన్నగాక మొన్న వచ్చిన వాచీ నాకు గుర్రం సంగతి చెబుతుందా?"

"నువ్వే చూడు మావయ్యా," అని పట్టీ గుర్రానికి బిగించి, వాచీ ఆయన చేతికి కట్టాను.

నలభై. గజ్జెలు మేకు మీద నుంచి తీశాడు, డెబ్బై. దగ్గరికొచ్చాడు, నూట పది. వెనక్కి తగిలించాడు, అంకెలు మెల్లగా దిగాయి. నమ్మకం కుదరక మూడుసార్లు చేశాడు. అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నాకైతే కేకలు పెట్టాలనిపించింది.

ఆ రోజు గజ్జెలు లేకుండానే ఎక్కాడు. కట్ట చివరిదాకా వెళ్లి, అదే ఊపులో తిరిగొచ్చారు ఇద్దరూ. నేను సంతోషం పట్టలేక చెప్పులు వదిలేసి ఎదురు పరిగెత్తాను. గుర్రం మెడ తడి కూడా కాలేదు.

ఆదివారం హనుమాన్ జంక్షన్ ఆయన తాడుతో సహా దిగాడు. మావయ్య కుర్చీ వేసి, టీ ఇచ్చి, చేతులు జోడించాడు.

"మాట తప్పుతున్నానండీ, క్షమించాలి. ఇది ఇక పెళ్లిళ్లకీ వెళ్లదు, మీ బండికీ రాదు."

"మరి లోపముందన్నారు గదండీ?"

"లోపం నాదండీ. రోజూ పొద్దున్నే దాన్ని నేనే భయపెట్టి, పరిగెత్తట్లేదని నేనే తిట్టాను. బండికి కట్టుకోవాలంటే నన్ను కట్టుకోండి."