మందు పంపుకు నిమ్మకాయల పూజ

చెడిపోయిన పంపును మంత్రంతో నడిపించమని ఏ శాస్త్రం చెప్పింది, మీరే చెప్పండి?

ఈరోజు ముంబై కామాటిపురలో ప్రవచనం ముగించగానే, బొగ్గు కరెంటు ప్లాంటులో పనిచేసే మల్లేశం నిమ్మకాయలతో వచ్చాడు. బొగ్గు మీద రసాయనం చల్లే పంపు నెలగా ఆగిపోయిందట. ఆ మందు పడితే బొగ్గులోని పాదరసం చాలావరకు బూడిదలో చిక్కుకుంటుంది. లేకుంటే పొగతో పోయి, చివరికి సముద్రంలో చేపలకు, వాటిని తిన్న తల్లి కడుపులోని బిడ్డకు చేరుతుంది.

"మా ప్లాంటు సాబ్ పూజ చేయించుమన్నడు, స్వామీ."

"మరి రిపేర్ ఎవరు చేయిస్తరు?"

"గట్ల అడిగితే నన్నే ఇంటికి తోల్తడు. నా బిడ్డేమో కడుపుతోని ఉన్నది, రోజూ చేపల కూరే కావాలంటది."

శివుడు విషాన్ని గొంతులోనే ఆపాడని ఇరవై ఏళ్లుగా అరుస్తున్నాను. విన్నవాళ్లంతా ఆపే పని ఆయనకే వదిలేశారు. అలసిపోయాను.

నిమ్మకాయలు తిరిగిచ్చేసి, కాలుష్యం చూసే ఆఫీసుకు అర్జీ రాశాను. మల్లేశం పేరు రాయలేదు. మీ అభిప్రాయాలు ఈ పోస్టు కింద తర్వాత రాయవచ్చు. ముందు ఈ సాయంత్రం దీపం పెట్టేలోపే మేం అద్దెకుండే చాల్‌కు వచ్చి ఆ అర్జీ మీద సంతకం పెట్టండి!