వెంట్రుకలో సగమంత నల్లరాయి

గాజుబిళ్ళ మీద చిటికెడు రాపిడి పొడి చల్లి, నాలుగు నీటిచుక్కలు వేసి, బొటనవేలి గోరంత రాతిముక్కను మూడు వేళ్ళతో అదిమి తిప్పుతోంది స్లైడక్క. ఎనిమిది అంకె రాసినట్టు తిప్పుతుంది. గుండ్రంగా తిప్పితే ఒక అంచే ఎక్కువ అరుగుతుంది. ఎనిమిదిలో తిప్పితే నాలుగు వైపులా సమంగా అరుగుతుంది. ఇది ఆమెకు ఎవరూ చెప్పలేదు. చాలా ముక్కలు పాడుచేసి తెలుసుకుంది.

కాలేజీలో రాళ్ళ విభాగానికి వెనక ఉన్న ఒంటి కిటికీ గది ఆమెది. ఒక కోత చక్రం, ఒక వేడిపలక, ఒక సింకు, ఒక సూక్ష్మదర్శిని, అంతే. ముప్పై ఏళ్ళ కిందట గాజుసామాను కడగడానికి చేరింది. ఆ ఏడే, సూక్ష్మదర్శినిలో చూడడానికి రాతిని పలచగా అరగదీసి గాజుకు అతికించి స్లైడ్లు చేసే మనిషి పని మానేసి వెళ్ళిపోయాడు. ఆమె చెత్తబుట్టలోంచి విరిగిన స్లైడ్లు ఏరి, ఎలా అతికించారో, ఎంతవరకు అరగదీశారో వెనకనుంచి ముందుకు విప్పి చూసి నేర్చుకుంది. నూరు పాడయ్యాక ఒకటి కుదిరింది. అప్పటి పెద్ద ప్రొఫెసరు దాన్ని చాలాసేపు చూసి, మీద ‘1’ అని రాసి చెక్కపెట్టెలో పెట్టాడు. ఆ పెట్టె ఇప్పటికీ అలమరలో ఉంది. ఆమె కోత చక్రం మొరాయించినప్పుడల్లా బాగుచేసేది నేనే కాబట్టి ఇదంతా నాకు తెలుసు.

ఈసారి ముక్క మామూలుది కాదు. రాయి మాత్రం మామూలుదే, బసాల్టు. లావా పారి, గడ్డకట్టి తయారైన నల్లరాయి. రోడ్డు కంకరలోనూ అదే ఉంటుంది. కానీ ఈ ముక్క నేలలోకి చాలా లోతు తవ్విన బోరు అట్టడుగు నుంచి వచ్చింది. మిగిలినదంతా రసాయన పరీక్షలకు పొడి చేసేశారు. బోరును సిమెంటుతో మూసేశారు. మిగిలింది ఈ గోరంతే. అడుగున పారిన లావా పైవాటిలాంటిది కాదని, అందులో ఆలివిన్ అనే ఆకుపచ్చని ఖనిజం ఉంటుందని పరిశోధన చేసే అమ్మాయి నమ్మకం. ఆమె నాలుగేళ్ళ చదువు ఈ ముక్క మీద ఆగి ఉంది. అక్క కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయిందని తెలిసి, బయట మిషను మీద చేయిద్దామన్నారు విభాగం పెద్దసారు. అమ్మాయి ఒప్పుకోలేదు. నెల ఆగింది. అక్క ఇవాళే నల్ల కళ్ళద్దాలు తీసి పనిలోకి వచ్చింది.

“అక్కా, ఒకవేళ పోతే?” అంది అమ్మాయి గుమ్మంలోనే నిలబడి.

“పోతే నీకు ఇంకో రాయి కాచి పోస్తాలే. ముందు వెళ్ళి టీ తాగిరా. నువ్వు ఊపిరి వదిలినప్పుడల్లా నా పొడి ఎగిరిపోతోంది.”

ఒక ముఖం నున్నగా అయ్యాక ముక్కను వేడిపలక మీద ఆరబెట్టి, జిగురుతో గాజుపలకకు అతికించింది. జిగురు బిగిశాక చక్రం మీద అదనపు మందం కోసేసింది. ఇక మిగిలింది చేతిపనే. వెంట్రుకలో సగం మందానికి రావాలి. అంత పలచనైతే నల్లరాయి నల్లగా ఉండదు, వెలుతురు దాంట్లోంచి దాటిపోతుంది.

కొత్తగా చేరిన పిల్లలకు ఆమె ఈ రాయిని పాకంతో పోల్చి చెబుతుంది. “పాకాన్ని నిదానంగా చల్లారనిస్తే పెద్ద పలుకులు కడతాయి. టక్కున చల్లారిస్తే నలుసులే. ఇది నేల మీదికొచ్చి గబగబా చల్లారింది. అందుకే కంటికి పలుకు కనిపించదు. సగానికి సగం సిలికా, ఇసుకలో ఉండేదే. ఇనుము కూడా బాగా ఉంది, ఆ నలుపూ బరువూ దాని పుణ్యమే. వానలో పడేసి చూడండి, పైన తుప్పురంగు తేలుతుంది. చిన్న చిన్న చిల్లులు లావాలో గాలి ఉన్న చోట్లు.” ప్రొఫెసర్లు రెండు గంటలు చెప్పేది ఆమె చేతులు కడుక్కుంటూ చెప్పేస్తుంది.

పలచదనం కొలవడానికి ఆమె దగ్గర పనిముట్టు ఏదీ లేదు. రంగే కొలత. సూక్ష్మదర్శినికి రెండు ప్రత్యేకమైన అద్దాలు తగిలించి చూస్తే రాతిలో ఫెల్స్పార్ అనే ఖనిజం సన్నటి పుల్లల్లా కనిపిస్తుంది. మందం కాస్త ఎక్కువైతే ఆ పుల్లలు ఎండుగడ్డి రంగులో ఉంటాయి. గడ్డిరంగు పోయి బూడిద తెలుపు తేలగానే చెయ్యి ఆపాలి. ఆపకపోతే రంగులు వెలిసిపోతాయి, చివరికి రాయే నీళ్ళలో కలిసిపోతుంది.

సాయంత్రానికి పలకను కడిగి, తుడిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి కుడికన్నుతో చూసింది. బూడిద తెలుపు.

ఆమెకు నమ్మకం కలగలేదు. ఇంకా నలభై తిప్పుల పని ఉందని చెయ్యి చెబుతోంది. ఆ చెయ్యి ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఎడమకన్ను ఆనించి చూసింది. దానికింకా ఆపరేషన్ కాలేదు. ఎండుగడ్డి రంగు. మళ్ళీ కుడికన్ను. బూడిద తెలుపు. రెండు కళ్ళూ చెరో మాట చెబుతున్నాయి.

పలక మీద గాజుగిన్నె బోర్లించి, గదికి తాళం వేసింది.

“అయిందా అక్కా?” అంది వరండాలో కాచుకుని ఉన్న అమ్మాయి.

“రేపు.”

“ఏమైనా తేడా వచ్చిందా?”

“రాయి బాగానే ఉంది. నేనే చూసుకోవాలి.”

ఇంటికి వెళ్ళేసరికి భర్త దండెం మీంచి బట్టలు తీస్తున్నాడు. ఆయన బడిలో గుమాస్తా. ఏళ్ళ తరబడి తెల్ల చొక్కా తప్ప ఇంకోటి వేసి ఎరగడు.

“ఏవండీ, నీలం చొక్కా ఎప్పుడు కొన్నారు?”

ఆయన చొక్కా వంక, ఆమె వంక చూశాడు. “ఇది తెల్లదేనే. రోజూ వేసుకునేదే.”

“తెల్లదా! ఆకాశంలా ఉంటేనూ!”

“బడిలో పిల్లలూ అదే అంటారు. నాలుగేళ్ళుగా నా పేరు ఆకాశం సారు. నెల రోజులుగా నేనే ఉతుకుతున్నానా, అయినా దిగి చావట్లేదు.”

“మరి నాతో ఒక్క మాట అనలేదేం?”

“పచ్చబడ్డాయి పచ్చబడ్డాయి అంటూ నువ్వు అంత ఇదిగా నీలిమందు కలుపుతుంటే, ఏమని చెప్పను? అయినా నాకు బాగానే నప్పిందనుకున్నాలే.”

ఆమె పడీపడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, చొక్కా పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. కంటిలో పొర ముదిరేకొద్దీ తెల్లచొక్కా పసుపుపచ్చగా కనిపించింది. పచ్చదనం పోవాలని నీలిమందు ఎక్కువ వేస్తూ పోయింది. మరి రాతిలో పచ్చదనం పోవాలని ఏం చేసి ఉంటుంది?

మర్నాడు అందరికంటే ముందు వచ్చి చెక్కపెట్టె తెరిచింది. ‘1’ తీసింది. అదీ బసాల్టే. ఇరవై ఏళ్ళ వయసులో, కడిగిన గాజులాంటి కళ్ళతో చేసింది. కుడికన్నుతో చూస్తే పుల్లలు బూడిద తెలుపు, వాటి మధ్య పైరాక్సీన్ అనే ఇంకో ఖనిజం పలుకులు నీలం, గులాబీ రంగుల్లో మెరుస్తున్నాయి. పక్కన నిన్నటి ముక్క పెట్టింది. అచ్చం అలాగే ఉంది. తరవాత పోయినేడు చేసినవాటిలో రెండు తీసి చూసింది. పుల్లలు మసిబారి ఉన్నాయి. రంగులు వెలిసిపోయి ఉన్నాయి. కంటి పొర పసుపును గడ్డిరంగనుకుని తిప్పిన నలభై తిప్పులు ఎక్కువ తిన్నాయవి.

ఆ రెండూ పక్కన పెట్టింది. లేచి, అన్నిటికంటే మెత్తని పొడి తీసుకుంది. గీతలు పోవడానికి నాలుగే తిప్పులు తిప్పింది. ఐదోదానికి చెయ్యి తనంతట తాను కదలబోయింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని ఆపింది. కడిగి, ఆరబెట్టి, జిగురుచుక్క వేసి, పలుచని గాజు కప్పింది.

అమ్మాయి వచ్చి సూక్ష్మదర్శిని మీదికి వంగింది. స్లైడును అటూ ఇటూ జరిపి చూసింది.

“అక్కా... ఉంది. ఆలివినే. అంచులు ఎర్రగా తుప్పు పట్టి, లోపల పలుకు చెక్కుచెదరకుండా ఉంది. అయినా ఈ రంగులేంటక్కా? మన స్లైడ్లలో ఇంత బాగా ఎప్పుడూ లేవు.”

“ఉండేవి. ఈ నాలుగేళ్ళుగా నేనే పాడుచేశాను. నీకు ఇంతకుముందు ఇచ్చినవన్నీ మరీ పలచబడ్డాయి. ఆ రంగుల్ని నమ్మి ఏమైనా రాసి ఉంటే ఒకసారి చూసుకో.”

“రాయే అంతేమో అనుకున్నాను.”

“రాయిదేం తప్పులేదు, పాపం. నా కన్నుది.” రిజిస్టరు తెరిచి చూపించింది. నాలుగేళ్ళ స్లైడ్లన్నిటికీ ఎదురుగా ‘మరీ పలచన’ అని తన చేత్తో రాసి ఉంది. “రాయి మిగిలున్నవి మళ్ళీ చేసిస్తాను. రెండోకన్ను కూడా బాగవనీ. ఈ సంగతి పెద్దసారుకూ నేనే చెబుతా.”

అమ్మాయి ఏదో అనబోయింది.

“ఇప్పుడేమీ అనకు. ఇక్కడ సంతకం పెట్టు.”

వజ్రపు మొన ఉన్న కలంతో గాజు చివర అంకె గీసి, మెత్తని గుడ్డతో ఒకసారి తుడిచి, స్లైడును అమ్మాయికి అందించింది.

“అంచులు పట్టుకో. మధ్యలో వేలు పెట్టకు.”